మాకు తెలవదు సార్

ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని గేదె పాలు పితకడం కాదు, మా ఆయనకు ఇష్టమైన గోంగూర పచ్చడి నూరడమూ కాదు. పోలీసులు వస్తే ఏం చెప్పాలో నేర్పింది.

"ఎవురి గురించి అడిగినా సరే, మాకు తెలవదు సార్ అను. ఇంకో మాట కలపబాక. మంచినీళ్ళడిగితే మాత్రం ఇయ్యి," అంది.

నేను కృష్ణకు అవతలి ఒడ్డున పుట్టినదాన్ని. మా వైపు పోలీసు జీపు వస్తే పిల్లలు దాని వెంట పరిగెత్తేవాళ్ళు. ఇక్కడ జీపు చప్పుడు వినపడితే మగాళ్ళు పెరటి గోడలు దూకేవాళ్ళు. పల్నాడులో గురజాల నుంచి ఏటి ఒడ్డు దాకా చాలా ఊళ్ళ సంగతి అప్పట్లో ఇదే. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడితే ఊరు రెండుగా చీలేది. గట్టు తగాదా పార్టీ తగాదా అయ్యేది, అది కర్రల దాకా, ఒక్కోసారి బాంబుల దాకా పోయేది. ఆ వెనకే జీపు వచ్చేది. మగాళ్ళు ఏ పత్తిచేలోనో దాక్కుంటే, ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి తెలవదు సార్ అనేవాళ్ళు.

నేను కాపురానికి వచ్చిన ఏడే ఒక మధ్యాహ్నం మా చినమామగారు వంటింట్లో పీట వేసుకుని అన్నం తింటున్నాడు. బయట జీపు ఆగింది. మా అత్తగారు చేతిలో గరిటెతోనే వాకిట్లోకి వెళ్ళి, "ఆయన మొగం చూసి ఏడాదైందయ్యా. మాకూ వాళ్ళకీ మాటల్లేవు," అని కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంది. జీపు పోయాక లోపలికి వచ్చి, "ఇంకాస్త పప్పెయ్యనా?" అని మరిదిని అడిగింది. నాకు నవ్వాగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తాను.

తర్వాత తర్వాత నాకూ అలవాటైంది. ఈ ఊళ్ళో ఆ మాట అబద్ధం కింద లెక్క కాదు. అది మన మనిషిని కొంగు కింద దాచుకోవడం. అవతలి పార్టీవాడి గురించి అడిగినా ఊరు అదే మాట చెప్పేది. వాడి సంగతి మేం చూసుకుంటాం గానీ పోలీసులకు మాత్రం పట్టివ్వం అనే పంతం. తెలుసు అన్నవాడే ఇక్కడ ద్రోహి. గొడవలు తగ్గి, జీపు రావడం అరుదై, కర్రలు అటకల మీద చెదలు పట్టిపోయాయి. మాట మాత్రం నాలుకల మీద అలాగే ఉండిపోయింది.

మా ఇంటి వెనక మిరపకాయలు ఆరబోసుకునే కల్లం ఉంది. కల్లం పక్కన మోటారు సామాను పడేసుకునే రేకుల గది. ఏడెనిమిదేళ్ళ క్రితం ఆ గదిని బెంగాల్ నుంచి వచ్చిన ఒకతనికి ఇచ్చాం. రోడ్డు మీద బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. మొదట నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉండేవాళ్ళు. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. అతను మాత్రం ఉండిపోయి, పెళ్ళి చేసుకుని, భార్యను తెచ్చుకున్నాడు.

సాయంత్రం పని నుంచి వస్తే తలకూ కనుబొమలకూ రాతిపొడి అంటుకుని ముసలాడిలా కనిపించేవాడు. ఆ తలతో గుమ్మం తొక్కేవాడు కాదు. బోరు కింద కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, ముప్పయ్యేళ్ళవాడై లేచేవాడు. తెలుగు మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాడు. దాంతో ఆ మాటలన్నీ ముసలమ్మ మాటలే. మా అమ్మాయి కాలేజీ సెలవులకు వస్తే, "ఏందే, పొద్దుగూకులూ ఆ ఫోనేంది, కళ్ళు పోతయ్!" అని మా అత్తగారి గొంతుతోనే కసిరేవాడు. అది పడీ పడీ నవ్వేది.

అతని భార్య నన్ను అక్కా అనేది. సీజన్లో నాతోపాటు కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేది. ఏరినంతసేపూ చేతులు మండుతున్నాయని ఒక్కసారీ అనలేదు. ఏటి చేపలు దొరికిన రోజున వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న ఆవనూనెలో వేయించేది. ఆ ఘాటుకు మా అత్తగారు ముక్కు మూసుకుని, "ఏం కంపే తల్లీ!" అని తిట్టేది. మర్నాడు నేను చూడకుండా గిన్నె పట్టుకుని ఆ గదికే వెళ్ళేది.

వాళ్ళ ఉపవాసాల నెలలో మా అత్తగారికి ఒక డ్యూటీ ఉండేది. ఆమె ఎలాగూ తెల్లారకముందే గేదె దగ్గరికి లేస్తుంది. పోతూ పోతూ ఆ రేకుల తలుపు మీద చేత్తో బాది, "లేవండ్రా, ఇంత తినండి, ఆనక పస్తుండాల గదా!" అని కేకేసేది. ఆ నెలంతా మా వీధికి నిద్ర ఉండేది కాదు.

ఒక ఏడు ఆమె నీళ్ళ తొట్టి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మా ఆయన మిర్చి యార్డులో ఉన్నాడు. అతనే ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో వేసుకుని, నరసరావుపేట దాకా ఒళ్ళో తల పెట్టుకుని తీసుకెళ్ళాడు. వెనక బస్సులో నేను వెళ్ళేసరికి స్ట్రెచర్ పక్కన నిలబడి ఉన్నాడు. నర్సు, "మీరేమవుతారు?" అని అడుగుతోంది. "కొడుకుని," అన్నాడు, తడుముకోకుండా. మా అత్తగారు అంత నొప్పిలోనూ అవునన్నట్టు చెయ్యి ఎత్తింది.

ఈమధ్య టీవీ పెట్టినా ఫోన్ తెరిచినా ఒకటే గోల. సరిహద్దు దాటి ఎంతమంది వస్తున్నారు, ఎవరిని ఉండనివ్వాలి, ఎవరిని పంపాలి, కంచె వేయాలా, వేసిన కంచె చాలదా. సాయంత్రమైతే ఆ గోల మా అరుగు మీదికి వచ్చేది. ఆ అరుగు మీద పరిచిన నాపరాళ్ళు అతను ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని పరిచినవే.

"ఇంటికి గేటుండదా? ఎవడొచ్చాడో ఎవడు పోయాడో తెలియొద్దా? దేశమైనా అంతే గదా," అనేవాడు మా ఆయన. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరికేది కాదు. ఎదురింటి పెద్దాయన క్వారీలో రాయి కొట్టి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడు. దగ్గుతూనే అనేవాడు, "మీకేం తెలుసయ్యా. ఈళ్ళొచ్చిన కాణ్ణుంచి మనోళ్ళకి కూలి పెరిగిందా? నా కొడుకులు పనడిగితే, నువ్వు కాకపోతే బెంగాలోడున్నాడు పో అంటన్నారు." అదీ నిజమే. ఆయన కొడుకులకు ఫ్యాక్టరీలో పని దొరకలేదు.

అతను అరుగు చివర కూర్చుని అన్నీ వినేవాడు. ఒకరోజు తనూ కలగజేసుకున్నాడు. "నిజమే అన్నా. దొంగతనంగా వచ్చినోళ్ళని పంపాల్సిందే. వాళ్ళ మూలాన మాకు గూడా చెడ్డపేరు."

ఎదురింటి పెద్దాయన అతని వైపు చూసి, "నిన్ను కాదులేరా అనేది," అన్నాడు. అతను నవ్వాడు. తనను కాదని అతనికీ తెలుసు.

నాకు మాత్రం ఆ మాటలు వింటుంటే చిరాకు పుట్టేది. లోపలికి వెళ్ళి గిన్నెలు ఎత్తేసేదాన్ని. నేను పుట్టిన ఊరు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. మా అమ్మవాళ్ళు ఉండేది మెరక మీద కట్టిన కాలనీలో, దానికి పాత ఊరి పేరే పెట్టారు. ఆ తర్వాత రాష్ట్రం రెండయింది. కరోనా రోజుల్లో మా నాన్న పోతే నన్ను వంతెన మీద ఆపేశారు. అది వేరే రాష్ట్రమమ్మా, పాసు కావాలి అన్నారు. అవతలి గేటు దగ్గర మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడి చొక్కా రంగు కనపడేంత దూరం. వాడు చెయ్యి ఊపి ఊపి వెనక్కి వెళ్ళిపోయాడు. నేను మా నాన్నను చూడలేదు. ఆపిన కానిస్టేబుల్ చెడ్డవాడు కాదు, కూర్చోమని కుర్చీ కూడా వేశాడు. అందుకే గేటు గురించి ఎవరన్నా ధీమాగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. అలాగని గేటే వద్దనడానికీ నోరు రాదు. మా కల్లానికీ గేటుంది, దానికి తాళం వేసేది నేనే.

ఆ రోజు నేను ఊళ్ళో లేను. మా అమ్మకు ఒంట్లో బాగాలేదంటే ఏరు దాటి కాలనీకి వెళ్ళాను. మా ఆయన గుంటూరు యార్డుకు వెళ్ళాడు. సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఊళ్ళో ఏదో పండగ జరిగినట్టుంది. టీ కొట్టు దగ్గర రెండు పార్టీలవాళ్ళూ ఒకే బల్ల మీద కూర్చుని నవ్వుకుంటున్నారు. పోయిన ఎన్నికల నుంచి వాళ్ళకు పలకరింపుల్లేవు. నన్ను చూసి ఒకాయన, "మీ అత్త ఇయ్యాళ పోలీసోళ్ళని నీళ్ళు తాగించి పంపింది పోమ్మా," అన్నాడు.

మా అత్తగారు అరుగు మీద వాకర్ పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది. పక్కన అతని భార్య. ఆమె మొహంలోనూ భయం పోయిన నిమ్మళం.

"ఏం జరిగింది?" అన్నాను.

"జీపొచ్చింది. బెంగాలోళ్ళని ఏరుకుపోతన్నారంట, వేరే దేశపోళ్ళా ఏందా అని. ఫోన్లో మనోడి ఫొటో పెట్టుకుని ఇంటింటికీ చూపిచ్చారు. ఒక్కరంటే ఒక్కరు నోరిప్పితే ఒట్టు. టీ కొట్టోడు తెలవదన్నాడు. ఎదురింటాయన తెలవదన్నాడు, ఆయన గూడా! ఇంక మనింటికొచ్చారు. ఈ పిల్లని లోపల గదిలో పెట్టి గొళ్ళెమేశాను. ఈ మొగం నేనెప్పుడూ చూళ్ళేదయ్యా అన్నాను. ఇంకోసారి చూడమ్మా అన్నాడు ఆ ఎస్సై. కుర్రాడు, మర్యాదస్తుడే. ఇంకోసారి చూసి గూడా అదే చెప్పా."

"అతనేడి?"

"యాడుంటాడు, ఏ చేలోనో దాక్కునుంటాడు. ఫోన్ గూడా కట్టేసుకున్నాడు, తెలివిగలోడు. పొద్దుగూకినాక వస్తాళ్ళే. అన్నం తీసి పెట్టా," అని లోపలికి చూపించింది. పొయ్యి గట్టు మీద పళ్ళెం, పళ్ళెం మీద మూత.

ఏదో తేడాగా అనిపించింది. "ఆ ఎస్సై ఇంకేమన్నాడు? గుర్తు తెచ్చుకుని చెప్పు అత్తమ్మా."

"ఏమంటాడు. బాగా చూడమ్మా, ఇతను మీ ఇంట్లోనే ఉంటానని చెబుతున్నాడు, మీరు తన తల్లి లాంటోళ్ళని చెబుతున్నాడు అన్నాడు. నన్ను మాటల్లో పెట్టి చెప్పిచ్చాలని. మా దగ్గరా ఈ వేషాలు! వాడెవుడో అబద్ధం చెబుతున్నాడయ్యా, మా గదిలో మోటారు సామానుంది అన్నా."

 అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాను. "చెబుతున్నాడు అన్నాడా?"

"ఆఁ. అయితే ఏందే?"

"అత్తమ్మా, వాళ్ళు అతన్ని పట్టుకోడానికి రాలేదు. పట్టుకున్నాకే వచ్చారు. అతను చెబితేనే వచ్చారు. ఇతను మీకు తెలుసని ఒక్క మాట అనిపించుకోడానికి వచ్చారు."

ఆమెకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. వింటున్నట్టు తల ఊపింది, అంతే. ముందు అర్థమైంది అతని భార్యకు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల మొహం చూశాకే మా అత్తగారికి తెలిసింది. వాకర్ కోసం తడుముకుంది, అది దొర్లి అరుగు కింద పడింది. "వాడి కోసమే గదే నేను అట్టా అంది!" అంది. ఆ మాట ఎన్నిసార్లు అందో. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఊరి మీద వచ్చింది, ఆ మాట నేర్పిన కర్రల మీద, బాంబుల మీద, పత్తిచేల మీద వచ్చింది. కోపం వచ్చి చేసేదేముంది.

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్ళాం. మా ఆయన, నేను, అతని భార్య, మా అత్తగారు. ఆమెను రావద్దంటే వినలేదు. స్టేషన్ మెట్లు వాకర్‌తో ఎక్కింది. ఆ గడప ఆమె జన్మలో తొక్కలేదు.

ఆ ఎస్సై ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. లేచి కుర్చీ ఇచ్చాడు.

"నిన్న ఈ మొహం ఎప్పుడూ చూడలేదన్నది మీరే కదమ్మా?"

"నేనే సార్."

"ఇవాళ?"

"తెలుసు సార్. నా ఇంట్లోనే ఉంటాడు. నా తుంటి ఇరిగితే ఎత్తుకుపోయినోడు. నా కొడుకు సార్."

"మరి నిన్న ఎందుకలా చెప్పారు?"

మా అత్తగారు నా వైపు చూసింది. మా ఆయన అందుకుని, ఇక్కడి అలవాటు సంగతి, పాత గొడవల సంగతి చెప్పుకొచ్చాడు. ఆ కుర్రాడు ఓపికగా విన్నాడు. అతనిది ఈ వైపు కాదు, తీరం వైపు జిల్లాలెక్కడో. "ఊరంతా నాతో అబద్ధం చెప్పిందంటారు. సరే. ఇవాళ చెబుతున్నది అబద్ధం కాదని నేను పైవాళ్ళకు ఎలా చెప్పాలి?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

కార్డులున్నాయి కదా అన్నాను. ఉన్నాయన్నాడు. కార్డులు ఎవరైనా చేయించుకోవచ్చమ్మా, అందుకే ఊరికి పంపి అడిగిస్తాం అన్నాడు. కార్డు మీద ఉన్న ఊరి పోలీసులను అడిగిస్తే, అక్కడ ఆ ఇల్లే లేదన్నారట. అతని భార్య తనకు వచ్చిన తెలుగులో చెప్పింది. ఇల్లు ఉండేది, ఏరు తినేసింది. వాళ్ళ ఏరు ఒడ్డును కొరుక్కుంటూ పోతుందట. అతని ఇల్లు, బడి, మామిడి చెట్లు అన్నీ ఏట్లో కలిశాయి. ఆ ఊరివాళ్ళు తలో దిక్కూ పోయారు. ఆమె పుట్టిల్లు ఏటికి దూరం కాబట్టి నిలబడి ఉంది. అందుకే ఆ తర్వాత కూడా ఆమె కార్డును ఎవరూ తప్పు పట్టలేదు.

"అక్కడ ఇల్లు లేదన్నారు. ఇక్కడ ఊరు తెలవదంది. ఇంక ఆ మనిషి ఎక్కడివాడని రాయమంటారు?" అన్నాడు ఎస్సై.

నన్ను అడిగితే నేనేం చూపిస్తాను? నేను పుట్టిన ఇల్లు చూపించమంటే వంతెన మీద నిలబడి నీళ్ళు చూపించాలి. నాకు నలుగురూ ఉన్నారు, ఫలానావారి కోడలని చెప్పేవాళ్ళున్నారు. అతనికీ ఉన్నాం అనుకున్నాడు. అందుకే ధైర్యంగా మా ఊరి పేరు చెప్పాడు.

"నేను నమ్ముతున్నానమ్మా," అన్నాడు ఆ కుర్రాడు చివరికి. "నా నమ్మకంతో పని లేదు. తెల్లారుజామునే బండి వచ్చి, ఫ్యాక్టరీలో పట్టుకున్నవాళ్ళందరినీ తీసుకెళ్ళారు. నా చేతిలో లేదిప్పుడు."

మా అత్తగారు లేచి ఆయనకు దణ్ణం పెట్టబోయింది. ఆయన చేతులు పట్టుకుని ఆపాడు. బయటికి వచ్చాక ఆమె మెట్ల మీద ఆగిపోయింది. "నీళ్ళిచ్చానే ఆయనకి. నీళ్ళిచ్చి మరీ చెప్పాను," అంది.

ఆ తర్వాత మేం తిరగని చోటు లేదు. మా ఆయన మిరపకాయలు కల్లంలోనే వదిలేసి ప్లీడరు వెంట పడ్డాడు. ఫ్యాక్టరీ యజమానిని అడిగితే, వాళ్ళు మేస్త్రీ మనుషులు, నాకు సంబంధం లేదన్నాడు. మేస్త్రీ ఫోన్ ఎత్తలేదు. ఎక్కడికి వెళ్ళినా మాకంటే ముందే మా ఊరి జవాబు అక్కడికి చేరి ఉండేది. స్థానికులెవరూ గుర్తించలేదట కదా అనేవాళ్ళు. స్థానికులం మేమేనండీ అంటే, మా మొహాలు చూసి కాగితాలు పక్కన పెట్టేవాళ్ళు.

ఇంట్లో నాకూ మా ఆయనకూ మాటా మాటా పెరిగింది. "గేటుండాలన్నావుగా, చూడు," అన్నాను ఒకరోజు, నోరు ఊరుకోక.

"ఇప్పుడు గూడా ఉండాలనే అంటా. గేటు కాడ అడిగినోడు సరిగ్గానే అడిగాడు గదా. తప్పు చెప్పింది మనం."

"ఒక్కసారి తప్పు చెబితే మనిషిని ఎత్తుకుపోతారా? ఇంకోసారి అడగరా?"

 ఆ రోజు నుంచి ఆయన అరుగు మీద కూర్చోవడం మానేశాడు. ఎదురింటి పెద్దాయన మాత్రం ఒక సాయంత్రం వచ్చి, నిలబడే మాట్లాడాడు. "నేను గూడా మంచికే అన్నానమ్మా. వాడి మీద కడుపుమంట ఉంది గానీ, పట్టియ్యాలని గాదు," అన్నాడు. ఆయన కొడుకులను ఫ్యాక్టరీ ఇప్పటికీ పిలవలేదు. ఆ పనిలోకి ఒడిశావాళ్ళు వచ్చారు.

వానలు మొదలయ్యాక అతని భార్యకు ఒక వింత నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అతనే. ఎక్కడెక్కడో తిప్పారట. చివరికి ఒక తెల్లవారుజామున వానలో, సరిహద్దు పక్కన మోకాళ్ళ లోతు నీళ్ళున్న పొలాల్లో దింపి, అటు నడవండి, వెనక్కి తిరగొద్దు అన్నారట. నడిచాడు. అటు వైపు అతనికి ఒక్క మనిషి తెలియదు. ఏదో ఇటుకబట్టీలో పని చూసుకున్నాడు.

ఆ పిల్ల ఇంక ఇక్కడ ఉండనంది. పుట్టింటికి వెళితే సరిహద్దుకు దగ్గరగా ఉంటానంది. దగ్గరైతే ఏం లాభమని నేను అడగలేదు. నడికుడిలో రైలెక్కించాను. బయల్దేరే ముందు మా అత్తగారు ఒక సంచీ ఆమె చేతికిచ్చింది. ఎండుమిరపకాయలు. పొద్దుటి నుంచి చాటలో పోసుకుని ఒక్క తాలుకాయ లేకుండా తనే ఏరింది. ఇచ్చేటప్పుడు ఆ పిల్ల కళ్ళల్లోకి చూడలేదు. ఆ పిల్లే వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టింది. మా అత్తగారు గబుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంది.

గదిలో మళ్ళీ మోటారు సామాను పెట్టాం. మా అత్తగారు పోలీసులతో చెప్పిన అబద్ధం అలా నిజమైంది.

ఆమె ఇప్పుడు మునుపటి మనిషి కాదు. కరెంటు బిల్లు కుర్రాడు వచ్చినా, సూదులేసే నర్సు వచ్చినా అరుగు మీద కూర్చోబెట్టుకుని చెబుతుంది. "ఈ రాళ్ళు పరిచినోడు నాకు తెలుసు. బెంగాలు నుంచొచ్చాడు. ఆ గదిలోనే ఉండేవాడు. నాకు బాగా తెలుసు." వాళ్ళు తల ఊపి, నీళ్ళు తాగి వెళ్ళిపోతారు. తెల్లారకముందు వాకర్ పట్టుకుని గేదె దగ్గరికి పోతూ రేకుల తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. బాదదు. నేను కిటికీలోంచి చూస్తుంటాను గానీ ఏమీ అనను.

మొన్న ఒక మధ్యాహ్నం అతను నాకు వీడియో కాల్ చేశాడు. చాలా చిక్కిపోయాడు. కనుబొమల మీద ఈసారి రాతిపొడి కాదు, ఎర్ర దుమ్ము. "పెద్దమ్మ ఏదక్కా?" అన్నాడు. ఫోన్ తీసుకెళ్ళి ఆమె మొహం ముందు పట్టాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత తనే లాక్కుంది.

"పెద్దమ్మా, తుంటి ఎట్టా ఉంది? మందులేసుకుంటన్నావా?"

ఆమె తల ఊపింది.

"ఆరోజు నువ్వు చెప్పింది నాకు తెలుసులే. నా కోసమే చెప్పావు. ఊరి సంగతి నాకు తెలవదా?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఈడ గూడా అడుగుతన్నారు పెద్దమ్మా. నువ్వెవురు, యాడ నుంచొచ్చావు, నిన్నెరిగినోళ్ళు ఎవురున్నారు అని. ఈడ గూడా నన్ను ఎవురికీ తెలవదంట."

"నాకు తెలుసురా," అంది మా అత్తగారు. ఎంత గట్టిగా అందంటే ఎదురింటి పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వు నాకు తెలుసు. ఆడ పక్కన ఎవురన్నా పెద్దోళ్ళుంటే ఫోనియ్యి, నేను చెబుతా."

"ఎవురికియ్యను పెద్దమ్మా?"

ఫోన్‌లో అతని వెనక బట్టీ, వాన నీళ్ళు నిలిచిన దారి కనిపిస్తున్నాయి. గొడుగు వేసుకుని ఎవరో ముసలాయన ఆ దారిన పోతున్నాడు. మా అత్తగారు ఫోన్‌ను రెండు చేతులతో మొహానికి దగ్గరగా పట్టుకుని, ఆ ముసలాయన్ని కేకేసింది. "అయ్యా! ఓ పెద్దాయనా! ఈ పిలగాడు నాకు తెలుసయ్యా. నా కొడుకయ్యా. పల్నాటోడు."

తెలుగులోనే అంది. ఆమెకు వేరే భాష రాదు. ఆ ముసలాయన గొడుగు సరిచేసుకుని వెళ్ళిపోయాడు.